ఒత్తు పోయిన మాట

"అమ్మని హోమ్‌లో పెట్టేశావంటగా?" అని మా తెలుగు ప్రార్థనకూటంలో ఒకావిడ అడిగింది, బిర్యానీ నములుతూ. పెట్టేశావంట! పాత సామాను అటక మీద పెట్టేసినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఇంట్లో పగలు ఎవరుంటారక్కా?" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని పక్కకి వెళ్ళిపోయింది.

నా జవాబు అదే. పగలు మా ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఎనభైల్లో మేం ఈ చలిదేశంలో, నోవై అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు, నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేసేదాన్ని, పాప స్కూలు. నాన్న పోయాక, ఒక్కగానొక్క కూతురిని కదా, అమ్మ మా దగ్గరికే వచ్చేసింది.

అమ్మ గుంటూరు దగ్గర మిషన్ బళ్ళో తెలుగు టీచరు. ఒత్తులంటే ప్రాణం ఆవిడకి. మా పాప "అమామా" అని పిలిస్తే చాలు, పట్టుకునేది. "ఒత్తు ఎక్కడికి పోయిందే? పాలల్లో కలుపుకుని తాగేశావా? అమ్మమ్మ అను. రెండుసార్లూ ఒత్తాలి." పాప కిలకిలా నవ్వి మళ్ళీ "అమామా" అనేది. "మీ అమ్మ నా దగ్గర చదువుకుందంటే ఎవరైనా నమ్ముతారా!" అని నెత్తి కొట్టుకునేది అమ్మ. తర్వాత పిల్లని ఒళ్ళోకి లాక్కునేది.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. వచ్చిన కాస్త ఇంగ్లీషూ ఆ దెబ్బతో తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు మిగిలింది, ఒత్తులతో సహా. నా సెలవులన్నీ అయిపోయాయి. పగటిపూట చూసుకోవడానికి ఒకామెని పెట్టుకున్నాం. ఈవిడ మాట ఆమెకీ, ఆమె మాట ఈవిడకీ అర్థం కాక, నెల తిరక్కుండానే మానేసింది. మా ఆయన, నేనూ వంతులేసుకుని మధ్యాహ్నాలు ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి చూసి వెళ్ళేవాళ్ళం.

ఒక చలికాలం మధ్యాహ్నం నేను వచ్చేసరికి వెనక తలుపు తీసి ఉంది. అమ్మ మెట్టు కింద మంచులో పడి ఉంది, నూలు చీరతో. ఎంతసేపయిందో ఆవిడకే తెలీదు. "ఎవరో తలుపు కొట్టినట్టయిందే, గోడ పట్టుకుని వచ్చా" అంది, పళ్ళు టకటకలాడుతుంటే.

ఉద్యోగం మానేస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "పడితే నన్ను లేపడానికే ఇద్దరు కావాలి. ఒక్కదానివి ఏం చేస్తావే? ముసలాళ్ళని చూసుకునే ఆ హోమ్‌లో చేర్చు. ఇంకోసారి మంచులో పడి చచ్చానంటే జన్మంతా నీకు ఏడుపే." టీచరమ్మ చెప్పాక ఇక తిరుగులేదు.

హోమ్ నా ఆస్పత్రి దారిలోనే. రోజూ సాయంత్రం పప్పన్నం కలుపుకుని వెళ్ళేదాన్ని. అమ్మని చూసుకునే అమ్మాయి చలాకీగా ఉండేది. "యువర్ మామ్ ఈజ్ సో స్వీట్!" అంది ఒకరోజు. నొప్పి ఏమైనా ఉందా అని ఎప్పుడడిగినా 'నోప్' అంటుందట, లేదని. అమ్మకి మళ్ళీ ఇంగ్లీషు వస్తోందని నేను మురిసిపోయాను. ఇంటికొచ్చి మా ఆయనకీ పాపకీ చెప్పి నవ్వించాను కూడా.

ఆ వారంలోనే, నేను పక్కనుండగా ఆ అమ్మాయి అమ్మని ఒక పక్కకి తిప్పింది. "ఎనీ పెయిన్, హనీ?" అంది.

అమ్మ మొహం వంకర పోయింది. "నొప్పి. నొప్పి."

"సీ? నోప్!" అని ఆ అమ్మాయి నా వైపు తిరిగి నవ్వింది.

నేను దిగ్గున లేచాను. నైటీ తొలగించి చూస్తే నడుము కింద రాసుకుపోయి పచ్చి పుండు. ఏం అరిచానో గుర్తు లేదు. ఆ అమ్మాయి ఏడ్చేసింది. పాపం, దాని తప్పేముంది?

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"వాళ్ళకి చెప్తూనే ఉన్నానే. అడుగుతారు, చెప్తాను, నవ్వి వెళ్ళిపోతారు. ఈ దేశంలో ఇంతే కాబోలు అనుకున్నా. సాయంత్రం పూట అలిసిపోయి వస్తావు, నీకేం చెప్పను?"

మర్నాటి నుంచి మందు మొదలుపెట్టారు. ఆ మంచం మీదే అమ్మ బడి తెరిచింది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి "నొప్పి" అనిపించేది. "నోపీ" అంటే ఒప్పుకునేది కాదు. "ఒత్తు! ఒత్తు!" అంటూ ఎడం చేత్తో దుప్పటి మీద కొట్టేది. ఆ పిల్ల పట్టుబట్టి నేర్చుకుంది. నోప్ అంటే వద్దు, కాదు అని అమ్మా నేర్చుకుంది. నేను ఇంకో ముద్ద పెట్టబోతే "నోప్!" అని కొంటెగా నవ్వేది. పుండు మానింది. మేం ముగ్గురం అంతగా నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు అమ్మ మూతి పక్కకి లాగేసింది. తల కూడా ఊపలేకపోయింది. ఏ మాటా చివరిదాకా వచ్చేది కాదు, సగంలోనే తెగిపోయేది. నన్ను "అమ్మాయ్" అని పిలవబోయినా "అమ్" దగ్గరే ఆగిపోయేది.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి నొప్పి మందు పట్టుకుని మంచం పక్కన నిలబడింది. అంతకుముందు వేసిన మందుకే అమ్మ రోజంతా మత్తులో ఉండిపోయింది. అవసరమైతేనే ఇమ్మని డాక్టరు చెప్పాడు. ఆ పిల్ల వంగి, అమ్మ నేర్పినట్టే, ఒత్తి మరీ అడిగింది. "నొప్పి?"

"నొప్" అంది అమ్మ.

ఆ అమ్మాయి మందు పట్టుకుని నా మొహంలోకి చూసింది. "విచ్ వన్? నొప్పి? ఆర్ నోప్?"

అమ్మ కన్నకూతురిని. ఆవిడ చేతికింద అక్షరాలు దిద్దినదాన్ని. నాకు తెలియలేదు. అమ్మ పెదాల దగ్గర చెవి పెట్టాను.

"ఒత్తమ్మా" అన్నాను. "కాస్త ఒత్తి చెప్పమ్మా."

అమ్మ నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అదే అంది.