నడక – సున్నా

జోగ్జా ఊళ్ళో గదులు అద్దెకిచ్చే బూ వగియెమ్ ఇంట్లో దిగిన అతిథి ఎవరైనా సరే, ఆమె రాసిచ్చిన ఖర్చు చీటీ లేకుండా గడప దాటడానికి వీల్లేదు. జోగ్జాలో రోజు గడవడానికి ఎంత కావాలో ఆమెకు కంఠతా వచ్చు. పొద్దున పనసకూర అన్నం పన్నెండు వేల రూపియాలు, టీ మూడు వేలు, రాత్రికి పిల్లి అన్నం రెండు పొట్లాలు ఆరు వేలు. ఆ పేరు విని బెంబేలెత్తినవాళ్ళకు, "లోపల పిల్లి ఉండదు నాయనా, పిల్లికి పెట్టినంతే ఉంటుంది" అని ధైర్యం చెప్పేది.

ఈ చీటీలంటే ఒళ్ళు మండేది రిక్షా పొనిమిన్‌కి. స్టేషన్ దగ్గర పాతిక వేలు పలికే దూరానికి ఆమె పదిహేనే రాసేది. పైగా నది వంతెన ఎత్తు రాగానే అతిథులంతా దిగి నడిచేవారు.

"ఖాళీ రిక్షా అయినా తోసేది నేనే కదా అమ్మగారూ! బాడుగెందుకు తగ్గాలి?"

"నడిచింది వాళ్ళ కాళ్ళు. వాళ్ళ కాళ్ళకి నీకు బాడుగా?"

అరవై నాలుగేళ్ళ పొనిమిన్‌కి చదువు రాదు గాని పౌరుషం దండిగా ఉంది. ఇక ఈ పిసినారి గుమ్మం వదిలేసి స్టేషన్‌కి పోతానని వీధంతా చాటాడు.

ఆ రోజు సురబాయా నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగిన పంతులమ్మ, తొక్కేవాడికి ముందుండే సీట్లో ఎక్కి కూర్చుంది. వంతెన దగ్గర దిగి, "మోకాలు ఎలా ఉందండీ?" అంది.

"నా మోకాలు సంగతి మీకెవరు చెప్పారు?"

ఆమె చీటీ తీసి చదివింది. "వంతెన దగ్గర దిగిపోవాలి. పొనిమిన్ కుడి మోకాలు బాగాలేదు. నడక – సున్నా." అంతలో నాలిక కరుచుకుంది. "అయ్యో, 'అతన్ని అడగవద్దు, రోషపడతాడు' అని కింద ఉంది. ఇప్పుడే చూశాను."

"ఇంకేం రాసింది?"

"బజారు వంద అడుగులే. అయినా పొనిమిన్ రిక్షాలోనే వెళ్ళాలి. నీలం రంగుది."

ఫోను నొక్కితే మోటారుసైకిళ్ళు వచ్చి వాలే రోజులివి. వీధిలో మిగతా రిక్షావాళ్ళు సీట్లలో కునుకు తీస్తుంటే, రోజుకు నాలుగు బేరాలు తనకే ఎందుకు తగులుతున్నాయో పొనిమిన్ ఏనాడూ ఆలోచించలేదు. తన అదృష్టం అనుకున్నాడు. సిగ్గేసింది.

సాయంత్రం వెళ్ళి బూ వగియెమ్ ముందు నిలబడ్డాడు.

"స్టేషన్‌కి పోతున్నావట?"

"పోను. బాడుగ పదిహేనే ఉండనీండమ్మా."

ఆమె కళ్ళజోడు సవరించుకుని ఎగాదిగా చూసింది. "బేరం ఆడవేం? జ్వరమా?"

"అయితే పద్దెనిమిది!"

"హమ్మయ్య, మనిషివయ్యావు. పదిహేనున్నర."

ఆకాశానికీ భూమికీ ఎగిరి, చివరికి పదహారు దగ్గర తెగింది. మోకాలి ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు పంతులమ్మ చీటీలో రిక్షా పదహారు వేలైంది. మొత్తం మాత్రం పైసా పెరగలేదు. ఎలాగంటే, టీ రెండు వేలకు దిగింది, పక్కన "పంచదార లేకుండా" అని రాసి ఉంది. రిక్షాలో ముందు కూర్చున్న పంతులమ్మ దారంతా చేదు మింగిన ముఖంతోనే ఉంది. వెనక తొక్కుతున్న పొనిమిన్ మాత్రం వంతెన వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.