నాలుక గీసుకోని ఉదయం

మొన్న బ్రిస్బేన్‌లో ఒక చైనా దుకాణం ముందు నుంచి వెళ్తుంటే ఎండు నారింజ తొక్కల వాసన గుప్పున తగిలింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. డాక్టర్ లిన్ గదిలో ఎప్పుడూ అదే వాసన. ఆవిడ చైనా సంప్రదాయ వైద్యురాలు, అరవై దాటిన మనిషి. నేను మధుమేహం మీద పరిశోధన చేసే రోజుల్లో మా బృందంలో ఉండేవారు. నాకు సైన్సు నేర్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, రోగి ముందు ఎలా కూర్చోవాలో నేర్పింది మాత్రం ఆవిడే.

మా పని చెప్పడానికి తేలికే. షుగర్ అంటే అందరికీ ఒకటే జబ్బనుకుంటాం, కానీ ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయదు. డాక్టర్ లిన్ నాడి పట్టుకుని, నాలుక మీది పూత చూసి, రోగులను రకాలుగా విడదీసేవారు. నేను పరగడుపున తీసిన రక్తాన్ని యంత్రానికిచ్చి, శరీరం తిండిని వాడుకునేటప్పుడు తయారయ్యే సూక్ష్మ పదార్థాలను బట్టి విడదీసేదాన్ని. ఆ రెండు విభజనలూ కలుస్తాయా అన్నదే ప్రశ్న. నా డాక్టరేట్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మిగతావాళ్ళకు చాలావరకు కలిశాయి. ఊరి శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని చర్చి నుంచి నేను బతిమాలి తెచ్చిన మన తెలుగువాళ్ళ దగ్గరే బెడిసికొట్టింది. నాలుక మీద పూత లేదని ఆవిడ అందరినీ ‘పొడి’ రకంలో వేశారు. రక్తం చూస్తే తలా ఒక తీరు. మా ప్రొఫెసర్ విసుక్కుని, “వీళ్ళను తీసేద్దాం, సరిపోతుంది” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కొలతలో ఇమడకపోతే మనుషులనే తీసేస్తారా?

డాక్టర్ లిన్ ఒప్పుకోలేదు. నా వైపు తిరిగి, “ఇంతమంది నాలుకలు ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయి? పొద్దున లేచి మీవాళ్ళు ఏం చేస్తారు?” అని అడిగారు.

“ఏముంది, పళ్ళు తోముకుంటాం, నాలుక గీసుకుంటాం...” అంటూనే ఆగిపోయాను.

ఆవిడ నవ్వలేదు. “ముందే అడగకపోవడం నా పొరపాటు. అందరినీ మళ్ళీ పిలువు, నాలుక గీసుకోకుండా రమ్మను. రక్తం ఫలితాలు మాత్రం నాకు చూపించకు, చూస్తే నా నిర్ణయం అటే మొగ్గుతుంది” అన్నారు.

పిలవడమంటే మాటలా? మా వాళ్ళందరికీ పెద్దదిక్కు సునీత ఆంటీ. గుంటూరు మనిషి, ఇక్కడ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఫోన్‌లోనే నా మీద ఎగిరిపడ్డారు. “పాచినోటితో డాక్టర్ ముందు కూర్చోమంటావేంటమ్మా? సో ఎంబరాసింగ్! నా వల్ల కాదు.” ఆవిడ రాకపోతే మిగతావాళ్ళూ రారు. చివరికి నా మొహం చూసి వచ్చారు, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని. వచ్చారే గానీ నోరు తెరవరు. చూపంతా తలుపు మీదే.

డాక్టర్ లిన్ తన కుర్చీని ఆంటీ దగ్గరికి జరుపుకున్నారు. “ఈవేళ నేనూ నోరు కడుక్కోకుండానే వచ్చాను” అని, అంత పెద్దావిడ, నాలుక మొత్తం బయటపెట్టి చూపించారు. ఆంటీ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత ఫక్కున నవ్వారు. “ఓ మై గాడ్, నాకంటే ఘోరంగా ఉందమ్మాయ్!” అని నాతో తెలుగులో అంటూ తనూ నాలుక చాపారు.

తర్వాత అందరూ వచ్చారు. చాలామంది రకం మారింది, రక్తంతో కలిసింది. కొందరిది అప్పటికీ కలవలేదు. వాళ్ళ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయాలని ఆవిడ పట్టుబట్టారు. అలాగే రాశాను, డాక్టరేట్ వచ్చింది.

డాక్టర్ లిన్ ఇప్పుడు లేరు. ఆవిడ ఎంత నేర్పినా నాడి చూడటం నాకు అబ్బలేదు. నేనిప్పుడు ఒక డయాబెటిస్ క్లినిక్‌లో ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో నేర్పుతాను. సూది చూడగానే కొందరు బిగుసుకుపోతారు. అప్పుడు ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. మందు లేని కొత్త సూది ఒకటి తీసి, ముందు నా పొట్టలో గుచ్చుకుంటాను.