సున్నం గుర్తుల పరుగు

మా పీఈటీ సారు పోయాడన్న కబురు నాకు మిర్యాలగూడలో, రైస్ మిల్లు ఆఫీసులో కూర్చుని ఉండగా ఫోన్లో వచ్చింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అప్పటికే దండం పెట్టే బొమ్మలు బారులు తీరాయి. "సార్ నన్ను సొంత కొడుకులా చూసుకున్నారు" అని ఒకడు. "నాలోని ప్రతిభను గుర్తించిన మహానుభావుడు" అని ఇంకొకడు. చదువుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. సారు ఎవరిలోనూ ఏ ప్రతిభనూ గుర్తించలేదు. మా అందరినీ చీదరించుకున్నాడు. ఆ చీదరింపులో ఆయనకు పక్షపాతం లేదు. పోయినాయన గురించి నేను ముందుగా చెప్పగలిగిన మంచి అదొక్కటే.

సూర్యాపేట నుంచి గరిడేపల్లి పోయే దారిలో మా హైస్కూలు. చలి బాగా ముదిరిన రోజుల్లో ఏటా అక్కడ గుట్ట పరుగు జరిగేది. బడి గేటు దగ్గర మొదలై, తుమ్మచెట్ల బీడు దాటి, గుట్ట ఎక్కి దిగి, కోతలైన వరి మడుల మీదుగా తిరిగి బడికి రావాలి. ఆడపిల్లలం, మగపిల్లలం అందరం వట్టి కాళ్ళతోనే. ఇంత అవస్థ ఎందుకు, రోడ్డు మీద పెట్టవచ్చు కదా అని హెడ్మాస్టరు ఒకసారి అడిగాడు. "రోడ్డు మీద బస్సు గూడ ఉరుకుతది సార్. దానికి కప్పు ఇస్తమా?" అన్నాడు మా సారు. హెడ్మాస్టరు మళ్ళీ అడగలేదు.

ఆయనకు నచ్చిన వస్తువంటూ లోకంలో ఉన్నట్టు లేదు. బూట్లంటే అసహ్యం. గ్లూకోజు పొట్లం కనిపిస్తే, "గది దవాఖానల ఎక్కిస్తరు, పోయి ఆడ పండుకో" అనేవాడు. బహుమతులివ్వడానికి వచ్చే పెద్దమనుషుల ఉపన్యాసం మొదలు కాగానే మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కునేవాడు. మా టిఫిన్ డబ్బాల్లోంచి అడగకుండానే మామిడికాయ ముక్క తీసుకుని తిని, ఉప్పు తక్కువైందని మమ్మల్నే తిట్టేవాడు. మరునాడు మళ్ళీ అదే డబ్బాలో చెయ్యి పెట్టేవాడు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు ఆ పరుగు నాకు చావో రేవో అన్నట్టయింది. మొదటి ముగ్గురిని సారు రాష్ట్రస్థాయి సెలక్షన్లకు పంపేవాడు. అక్కడ నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. నాకదే చివరి అవకాశం. గెలుస్తానని నాకు తెలుసు. నా వెనక పరిగెత్తే వాళ్ళందరికీ తెలుసు.

బీడులో దారి తెలియడానికి సారు ముందు రోజే రాళ్ళ మీద, గట్ల మీద సున్నంతో గుర్తులు పెట్టేవాడు. ఆ ఏడు మా వైపు కొత్త కాలువకు భూములు పోతాయని పుకారు పుట్టింది. పొలంలో తెల్లటి సున్నం కనిపిస్తే రైతుకు పరుగు పందెం గుర్తొస్తుందా, సర్వే గుర్తొస్తుందా? ఎవరికి వారు తమ గట్టు మీది గుర్తు కడిగేశారు. కడిగి ఊరుకున్నా బాగుండేది. కాలువ ఎటో ఒకవైపు పోక తప్పదు కదా, అది దాయాది చేలోంచే పోనీ అని అతని గట్టు మీద అదే గుర్తు పెట్టి వచ్చారు. ఆ దాయాది దాన్ని ఇంకొకడి గట్టుకు తోశాడు. అంత ఐకమత్యంగా మా రైతులు చేసిన పని నేను మళ్ళీ చూడలేదు. తెల్లవారేసరికి సున్నం గుర్తులు గుట్టకు పెడముఖం పెట్టి గరిడేపల్లి వైపు బయలుదేరాయి.

ఆ ఉదయం మంచు ఎంత దట్టంగా కురిసిందంటే చాచిన చెయ్యి కనిపించలేదు. అందరికంటే ముందున్నాను. సున్నం ఎటు చూపిస్తే అటు పరిగెత్తాను. గుట్ట ఇంకా రాదేమని అనుకుంటూనే మడి తరవాత మడి దాటాను. చివరికి పాత కాలువ కట్ట అడ్డం వచ్చింది. గడ్డి ట్రాక్టరు ఎక్కి బడికి చేరేసరికి ఎండ వచ్చేసింది, పరుగు ముగిసింది. గెలిచిన ముగ్గురూ నాకంటే చాలా వెనకబడ్డవాళ్ళు. వాళ్ళు బీడుకు వచ్చేలోపు మంచు విడిచింది. నెమ్మదిగా వచ్చిన పుణ్యానికి వాళ్ళకు గుట్ట కనిపించింది.

"సున్నం ఎవరో జరిపిండ్రు సార్. పరుగు మళ్ళ పెట్టుండ్రి" అని బతిమాలాను.

"నువ్వు సున్నం సూస్కుంట ఉరికినవా, గుట్టను సూస్కుంట ఉరికినవా?"

"మంచుల గుట్ట ఏడ కనవడ్డది సార్?"

"కనవడకుంటే ఆగాలె."

"అందరికంటె నేనే ముందున్న సార్."

"ఎవలు సూసిండ్రు?" అన్నాడు. పిల్లలందరి ముందు అన్నాడు.

హాస్టలు సీటు పోయింది. ఆ తరవాత సూర్యాపేట బజారులో సారు ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపుకు పోయేదాన్ని. పరుగు మాత్రం మానలేదు. ఇప్పటికీ పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద పరిగెత్తుతాను. మంచు కమ్మితే ఆగుతాను. ఒకసారి అలా ఆగినందుకే, కట్ట తెగిన చోట కాలువలో పడకుండా బతికాను. ఆగమన్నది ఆయనే. ఆ మాటకు రుణపడి ఉన్నాను, ఎంత ఒళ్ళు మండినా సరే.

సంతాప సభ బడి ఆవరణలోనే పెట్టారు. ఫ్లెక్సీలో సారు నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎక్కడ సంపాదించారో నాకు తెలియదు. కోదాడలో ప్లాట్ల వ్యాపారం చేసే మా క్లాసువాడొకడు మైకు పట్టుకుని, "సార్ నన్ను తెగ మెచ్చుకునేవారండీ" అన్నాడు. వాడు గుట్ట పరుగు రోజు ఏటా జ్వరం తెచ్చుకునేవాడు. సారు పేరిట బైపాసు రోడ్డు మీద పరుగు పెడతానని, అందరికీ తన వెంచరు పేరున్న టీషర్టులు ఇస్తానని, ఎవరూ తప్పిపోకుండా దారంతా బాణం గుర్తులు వేయిస్తానని ప్రకటించాడు. తారు రోడ్డు మీద తప్పిపోవాలంటే వాడంతటి తెలివి కావాలి. జనం చప్పట్లు కొట్టారు.

నన్నూ మాట్లాడమన్నారు. "సారు నన్ను మెచ్చుకోలేదు. నేను ముందున్నానంటే నమ్మను కూడా లేదు" అని చెప్పి మైకు ఇచ్చేశాను. చప్పట్లు లేవు.

నేను వచ్చి కూర్చున్నాక, కండువా కప్పుకున్న ముసలి రైతు ఒకాయన పక్క కుర్చీలోకి జరిగాడు.

"నమ్మలేదని ఎవలన్నరు బిడ్డా? గా దినం మద్యాన్నం మా పొలంకాడికి వచ్చిండు సారు. మా గట్టు మీది సున్నం జరిపింది నేనే. తిడతడని భయపడ్డ. ఏమనలే. గీడికెళ్ళి ఎవలన్న ఉరికిండ్రా అని అడిగిండు. ఒక్క పిల్ల పోయింది సారూ, దాని ఎనక పిట్ట గూడ లేదు అని చెప్పిన."

ముసలాయన మీదా, చచ్చిపోయిన మనిషి మీదా ఒకేసారి కోపం వచ్చింది. తెలిసి కూడా సారు ఇన్నేళ్ళు ఒక్క మాట చెప్పలేదు. నేను రోడ్డు దాటి పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. ఇప్పుడు నిలదీద్దామంటే మనిషే లేడు. ఏడుపు ఆగలేదు.

"తర్వాత ఏం జేసిండు తాతా?"

"మడిల నీ అడుగులున్నయ్. నడిచినోళ్ళ అడుగులైతే మడమ దిగవడ్తది. నీయి ఉత్త మునివేళ్ళే. గవి పట్టుకొని కాలువ దాంక పోయిండు. మోకాలు నొప్పి మనిషి, జర కూసో సారూ అంటె కూసోలే. వంగి సూస్కుంట, నీ అడుగు మీద తన అడుగు పడకుంట పక్కకెళ్ళి నడిచిండు."