రెండో గొట్టం

మేముండే ట్రాయ్ ఊళ్ళో ఏప్రిల్ పొద్దులు ఇంకా చలిగానే ఉంటాయి. ఇవాళ మా పాపను స్కూల్ బస్ ఎక్కించి నిలబడ్డాను. బస్ కదులుతూ గుప్పెడు డీజిల్ పొగ ముఖాన వదిలి వెళ్ళింది. పక్కనున్న తల్లులు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం ఎవరూ చూడటం లేదులే అనుకుని ఇంకోసారి గట్టిగా పీల్చాను. తడిగాలిలో కాలిన డీజిల్ వాసన వస్తే చాలు, నాకు విశాలాక్షి ఆంటీ పడవ గుర్తొస్తుంది. పొగ పీల్చి సంతోషించే ఆడమనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆవిడ నాకు పరిచయమైంది ఒక ఉగాది భోజనాల దగ్గర. అప్పటికి నేను వరంగల్ నుంచి వచ్చి పదేళ్ళు, ఇక్కడే ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుని. ఆవిడకు డెబ్బైకి రెండు తక్కువ. ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకును ముప్ఫై ఏళ్ళు తనిఖీ చేసి రిటైరయ్యారు. పుట్టింది నరసాపురం దగ్గర. వాళ్ళ నాన్నగారు గోదావరిలో లాంచీ నడిపే సరంగు. పులిహోర వడ్డిస్తూ ఆవిడ నన్నడిగారు.

“నువ్వేం చేస్తుంటావమ్మాయ్?”

“కార్లకి ఎగ్జాస్ట్ సిస్టమ్స్ డిజైన్ చేస్తానాంటీ.”

“అంటే పొగగొట్టాలేగా! శనివారం ఖాళీయేనా?”

అలా వెళ్ళాను, అరగంట దూరంలో ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డుకి. చలికాలమంతా పడవల్ని నీళ్ళలోంచి తీసి ఇనుప కాళ్ళ మీద నిలబెడతారక్కడ. వాటి మధ్య ఒక తెరచాప పడవ, నాకంటే వయసులో పెద్దది. పేరు ‘గౌతమి’. భర్త పోయిన మరుసటేడు కొన్నారట. గాలి లేనప్పుడు నడవటానికి లోపల చిన్న డీజిల్ ఇంజన్ ఉంది. దాని పొగగొట్టాలన్నీ మొదటినుంచీ చివరిదాకా మార్చాలి. ఆవిడ మోకాళ్ళు వెనక అరలోకి దూరనివ్వడం లేదు కాబట్టి దూరాల్సింది నేను.

ఊరికే సరదా పని కాదని మెట్లు ఎక్కకముందే చెప్పారు. కిందటి శరదృతువులో ఇంజన్ నడుస్తుండగా పడవ లోపలి గదిలో విషవాయువు అలారం గీపెట్టింది. ఆవిడ తల తిరిగి కూలబడ్డారు. ఎక్కడో దూరాన కమ్మింగ్ అనే ఊళ్ళో ఉండే కూతురు మాధవి హడలిపోయి, పడవ అమ్మేయమని పట్టుబట్టింది. తల్లీకూతుళ్ళు చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మే నెలలో క్రేన్ పడవను నీళ్ళలో దింపిన రోజున ఇంజన్ గంటసేపు నడపాలి, మాధవి వీడియోలో చూడాలి. అలారం ఒక్కసారి కూసినా పడవ అమ్మకానికి పెట్టాలి.

“ఇది పోతే ఈ దేశంలో నాదీ అని చెప్పుకునే చోటు ఇంకోటి లేదే అమ్మాయ్,” అన్నారు. అని వెంటనే నా చేతికి స్పానర్ ఇచ్చారు, ఓదార్చే అవకాశం కూడా ఇవ్వకుండా.

పడవ ఇంజన్‌కీ కారుకీ ఒక తేడా ఉంది. పొగను చల్లార్చడానికి సరస్సు నీటినే లాగి అందులో కలుపుతారు. నీరూ పొగా కలిసి గొట్టంలో ప్రయాణించి పడవ వెనకభాగం నుంచి బయటికి చిమ్ముతాయి. ఆ రెండూ కలిసే వంపు గొట్టాన్ని ఊడదీయడానికే మాకు రెండు శనివారాలు పట్టింది. తుప్పుకి బోల్టులు అతుక్కుపోయాయి. నేను బలమంతా పెట్టి లాగబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

“ఆగాగు. దానికేం తొందర? నూనె తాగనీ.”

నూనె పోసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి, ఫ్లాస్కులోంచి టీ తాగి, మళ్ళీ తట్టారు. మూడో టీకి బోల్టు కదిలింది. గొట్టం చేతిలోకి వచ్చాక చూస్తే లోపల మసి, తుప్పు పేరుకుని చిటికెన వేలు కూడా పట్టని కంత మిగిలింది. ఒకపక్క లోహం కాగితంలా పలచబడింది. ఆవిడ స్క్రూడ్రైవర్‌తో అక్కడ నొక్కితే పుటుక్కున దిగిపోయింది.

“ఇదుగో, నా తలనొప్పి!” అన్నారు, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

కొత్త గొట్టాలు బిగించే శనివారం వచ్చింది. క్రేన్ రావడానికి ఇంకా అయిదు రోజులే. ఆ రోజు నా ధోరణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పొగకి అడ్డంకి తగ్గాలంటే దారి సూటిగా, పొట్టిగా ఉండాలని ఆవిడకు పాఠం చెప్పాను, తాతకు దగ్గులు నేర్పినట్టు. లాప్‌టాప్ తెరిచి లెక్కలు కూడా చూపించాను. ఆవిడ అన్నిటికీ “ఊఁ, ఊఁ” అన్నారు. చుట్టగా ఉన్న లావుపాటి రబ్బరు గొట్టాన్ని నేను రెండుసార్లు కొలిచి, రంపంతో కోసి, వెనక అరలో గంటన్నర నడుము విరుచుకుని బిగించాను. సైలెన్సర్ నుంచి పడవ వెనక రంధ్రం దాకా గీత గీసినట్టు సూటిగా కుదిరింది.

“అయిపోయిందాంటీ, సూపర్‌గా వచ్చింది!” అన్నాను బయటికి పాకుతూ.

“సరే, ఇప్పుడు గొట్టం మీద వేలు పెట్టు. నువ్వే నీళ్ళు. నోటితో చెప్పు, ఎటు పోతున్నావో.”

“ఏందాంటీ, చిన్నపిల్లల ఆటలాగా!”

“చెప్పవే.”

చెప్పాను. నేను నీళ్ళని, ఇంజన్ దగ్గర పొగతో కలిశాను, సైలెన్సర్‌లోకి దిగాను, ఈ గొట్టంలో పైకెక్కి బయటికి పోయాను.

“బాగుంది. ఇప్పుడు సరస్సులో వెనకనుంచి పెద్ద అల కొట్టింది. నువ్వే ఆ అల. రా లోపలికి.”

వెనక రంధ్రం దగ్గర వేలు పెట్టి వచ్చాను. ఎక్కడా ఆగే అవసరమే రాలేదు. జారుడుబల్ల మీద జారినట్టు వేలు తిన్నగా సైలెన్సర్ లోకి, అక్కణ్ణుంచి ఇంజన్ దాకా వచ్చి ఆగింది. అప్పుడర్థమైంది నా తప్పు. గొట్టం ముందు పైకప్పు దాకా ఎక్కి, అక్కడ వంపు తిరిగి కిందికి దిగాలి. అప్పుడే బయటి అల ఆ ఎత్తు దాటలేక వెనక్కి పోతుంది. నేను పనిచేసిన కార్లలో పొగ బయటికి పోతే చాలు. నీళ్ళు లోపలికి వస్తాయన్న భయం పదేళ్ళలో ఒక్కనాడూ నాకు రాలేదు. ఇప్పుడు వంపు తిప్పుదామంటే గొట్టం పొట్టిగా కోసేశాను. అంత లావుపాటిది మళ్ళీ తెప్పించాలంటే పది రోజులు.

ఏడుపొచ్చేసింది. నా తెలివికి ఆవిడ పడవ పోతోంది.

“సారీ ఆంటీ... మాధవి గారితో నేనే మాట్లాడతా. తప్పు నాదే అని చెప్తా.”

ఆవిడ కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీ తెరిచి, భుజానికి ఒక చుట్ట తగిలించుకుని వచ్చారు. అదే గొట్టం. అదే పొడవు.

“రెండు తెప్పించాన్లే. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చూశాను, కొత్త పనికి వచ్చిన ప్రతివాడూ ఒకటి పొట్టిగా కోస్తాడు.”

నాకు ఊరట కంటే ముందు కోపం వచ్చింది. “ముందే చెప్పొచ్చు కదా! నడుము విరిగిపోయింది నాకు!”

“చెబితే వినేదానివా? ‘టెన్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అని పొద్దుట్నించీ మూడుసార్లు అన్నావు.”

ఇద్దరం నవ్వడం మొదలుపెడితే పక్క పడవ ఆయన తల బయటికి పెట్టి చూశాడు. పొట్టి ముక్కను కూడా ఆవిడ పారేయలేదు. ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా ఉన్న చిన్న దూరానికి అందులోంచే కోసి బిగించాం.

గురువారం క్రేన్ గౌతమిని నీళ్ళలో దింపింది. ఆంటీ ఇంజన్ తిప్పారు. ఒకటి, రెండు, మూడు క్షణాలు ఏమీ లేదు. తర్వాత వెనకనుంచి గుడగుడమని నీళ్ళు చిమ్మాయి. ఫోన్ తెరమీద మాధవి ముఖం. గంటసేపు ముగ్గురం ఎవరి పొడి మాటలు వాళ్ళం మాట్లాడుతూ అలారం వైపే చూశాం. అది కుయ్యిమనలేదు.

“సరేనమ్మా,” అంది మాధవి చివరికి. “ఉంచుకో. కానీ ఎలోన్‌గా మాత్రం వెళ్ళకు.”

అలా నేను మూడు వేసవులు గౌతమి మీద ఉన్నాను. ఆ తర్వాత మోకాళ్ళు బొత్తిగా మొరాయిస్తే ఆంటీ తనంతట తానే, ఎవరి బలవంతమూ లేకుండా, పడవను ఒక టీచరమ్మకు అమ్మి కమ్మింగ్ వెళ్ళిపోయారు. అక్కడ మనవడి సైకిల్ విప్పి బిగిస్తున్నారట. ప్రతి మే నెలలో ఫోన్ చేసి “ఇప్పటికైనా వేలు పెట్టి చూస్తున్నావా?” అని వెక్కిరిస్తారు. చూస్తున్నానాంటీ. ఆఫీసులో ఏ డ్రాయింగ్ మీదైనా ముందు వేలు పెట్టి “నేను పొగని” అని మొదలుపెడతాను. మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు.

ఇవాళ బస్ వెళ్ళిపోయాక నేను ఆఫీసుకి వచ్చాను. వేరే విభాగం నుంచి మా టీమ్‌లోకి మారిన శ్రీధర్ గారు, నాకంటే పెద్దాయన, తన మొదటి నమూనా గొట్టం ఈ మధ్యాహ్నం కోయబోతున్నారు. డ్రాయింగ్ చూశాను. ఒక వంపు మరిచిపోయారు. చెబుదామని నోరు తెరిచాను.

“డోంట్ వర్రీ అండీ, నాకు ఫిఫ్టీన్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్,” అన్నారాయన.

“ఊఁ,” అన్నాను. రెండో గొట్టం నా బల్ల కింద ఉంది.