స్టీలు గ్లాసుల పెళ్లి

కూర్మన్నపాలెంలో మా పక్కింటి అత్త పోయిందని మొన్న తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చాడు. కాసేపటికి ఇద్దరం ఆవిడ మాటలు తలుచుకుని నవ్వడం మొదలుపెట్టాం. అత్త సంగతి ఎప్పుడు ఎత్తినా అంతే, నవ్వు ఆగదు.

మాకు చుట్టమేమీ కాదు. ఎనభైల్లో నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినప్పుడు పక్క క్వార్టర్స్‌లో ఉండేది. ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసి వచ్చిన కుటుంబం. ఊరు వదిలింది గానీ ఆవుని వదల్లేదు. మా వీధి కాఫీలన్నీ దాని పాలతోనే. నాన్నని "అన్నయ్యా" అని పిలిచి మాకు అత్త అయిపోయింది. పాలు పోస్తూ అమ్మ కూరలకి వంకలు పెట్టేది. "ఇంత తీపేటి వదినా? ఇది పులుసా, పాయసమా?"

వీధిలో ఎవరింట భోజనాలైనా, తిన్న అడ్డాకు విస్తళ్లు వీధి చివర కుప్పగా పోసేవాళ్లం. అత్త ఆవు శుభ్రంగా తినేది. అప్పుడే ప్లాస్టిక్ గ్లాసులు కొత్తగా దిగాయి. ఒక బారసాలకి ముచ్చటపడి వాటితోనే మంచినీళ్లు ఇచ్చారు. అలవాటు కొద్దీ వాటినీ విస్తళ్లతో పాటే పారేశాం. ఆవుకేం తెలుసు? అన్నీ కలిపి నమిలేసింది. కడుపు ఉబ్బి పడిపోతే పశువుల డాక్టరు కోసి ప్లాస్టిక్ ముద్ద బయటికి తీశాడు. ఎలాగో బతికింది. ఆ తర్వాత ఎక్కడ భోజనాలు జరిగినా అత్త కుప్ప ముందు కూర్చునేది. ఒక్కో ఆకూ దులిపి చూశాకే ఆవుని రానిచ్చేది.

అంతలో నా పెళ్లి కుదిరింది. నాన్న ప్లాస్టిక్ గ్లాసుల పెట్టె కొనుక్కొచ్చారు. అత్త చూడనే చూసింది.

"అన్నయ్యా, నా ఆవుని మల్లీ కోయించేత్తావేటి?"

"వచ్చేది మగపెళ్లివారు చెల్లెమ్మా, చిన్నచూపు చూస్తారు. అన్ని స్టీలు గ్లాసులు ఎక్కణ్ణుంచి తేను?"

"స్టీలు ప్లాంటు పక్కనుండి గ్లాసులు నేవంటే నవ్వుతారు. నాను సూసుకుంతాను."

ఇల్లిల్లూ తిరిగి గోనెసంచుల్లో గ్లాసులు పోగేసింది. నాన్న తెచ్చిన పెట్టె తాడైనా విప్పకుండా కొట్టుకి తిరిగి వెళ్లింది. పెళ్లిలో మా మామగారి అన్నగారు గ్లాసు మీద చెక్కిన అక్షరాలు కూడబలుక్కుని, "ఇదేమిటి, నాకు అప్పలనరసమ్మగారి గ్లాసు ఇచ్చారు?" అన్నారు. నాన్న ముఖం మాడిపోయింది.

అత్త మాత్రం తొణకలేదు. "మా వీదోలందరూ తలో గ్లాసిచ్చి మీకు నీల్లు పోత్తన్నారు బాబూ, తాగండి."

పెద్దాయన పకపకా నవ్వి, "అయితే ఆవిడకి నా నమస్కారం చెప్పండి" అంటూ తాగారు. పందిట్లో ఇక అందరికీ అదే ఆట, ఎవరికి ఎవరి గ్లాసు వచ్చిందా అని. నాన్న కూడా నవ్వేశారు.

ఇప్పటికీ నేను ప్రయాణానికి గ్లాసూ, బజారుకి గుడ్డసంచీ పట్టుకెళ్తే మా పిల్లలు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. అది అత్త నేర్పిన అలవాటు, నాకు గర్వంగానే ఉంటుంది.

పెళ్లి మర్నాడు పొద్దున్న అప్పగింతలయ్యాక కారెక్కబోతూ వీధి చివరికి చూశాను. విస్తళ్ల కుప్ప దగ్గర అత్త ఉంది. ఒక్క ఆకైనా దులపలేదు. ఆవు మెడలో తాడు విప్పేసి, "తినీయమ్మా, కడుపు నిండా తినీ" అంది. అది ఆకుల్లో మూతి పెట్టింది. అత్త దానివైపు వీపు తిప్పి, నాకేసి చెయ్యి ఊపుతూ నిలబడింది.