అమ్మ మాట్లాడని మూడు వారాలు

మార్కాపురంలో మా కాలనీలో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా నేను గుమ్మం పక్కనే కూర్చుంటాను. గాలి కోసమని అందరితో చెబుతాను. అసలు సంగతి వేరు. పాటలు అయిపోయాక పాస్టరుగారు అందరినీ ఒకసారి కలియజూసి, "ఇప్పుడు మన సహోదరుడు ప్రార్థన చేస్తారు" అని ఎవరో ఒకరి వైపు చెయ్యి చూపిస్తారు. ఆ చెయ్యి నా వైపు తిరిగేలోపు నేను చెప్పుల్లో కాళ్లు పెట్టేసి ఉండాలి. ఏళ్ల తరబడి అలాగే తప్పించుకున్నాను. ఫోను మోగినట్టు నటించాను, లేని దగ్గు తెచ్చుకున్నాను. ఒకసారి కడుపునొప్పి అని లేచిపోతే ఆ ఇంటావిడ వాము నీళ్లు కాచి తెచ్చింది. తాగక తప్పలేదు.

ఈ భయం చిన్నప్పుడు పట్టుకున్నది. పన్నెండేళ్ల వయసులో చర్చిలో నన్ను నిలబెట్టి పరలోక ప్రార్థన చెప్పమన్నారు. సగంలో దారి తప్పి, బడిలో రోజూ చెప్పే ప్రతిజ్ఞలోకి వెళ్లిపోయాను. ఒక్క తప్పు లేకుండా దాన్ని పూర్తి చేసి, చివర్లో జైహింద్ కూడా అన్నాను. చర్చి చర్చంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మే.

అమ్మకు ఈ భయాలేవీ లేవు. కూలి పనికి వెళ్లిన రోజుల్లో కలుపు తీస్తూ కూడా ప్రార్థన చేసేదట. రోజూ సాయంత్రం మా ఇంట్లో అన్నాలకు ముందు ఆమె కళ్లు మూసుకుంటే ఇక ఎవరినీ వదలదు. పుల్లలచెరువు దగ్గర మా పాత ఊళ్లో బోరు ఎండిపోయినవాళ్లు, గిద్దలూరులో మా చెల్లెలు, దాని పిల్లలు, పాస్టరుగారి మోకాలు, మా గేదె, అందరూ వరసగా వస్తారు. ఈలోపు అన్నం చల్లారిపోతుంది. నేను ఒక కన్ను తెరిచి కూర గిన్నె వైపు చూస్తూ ఉండేవాణ్ణి.

అలాంటి అమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబనుకుని మిరియాల పాలు ఇచ్చాం. తగ్గకపోతే ఒంగోలు తీసుకెళ్లాను. గొంతులో చిన్న గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీసేశారు. "ప్రాణానికి భయం లేదు. కానీ మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. గొంతు మునుపటిలా వస్తుందో లేదో అప్పుడు చూసి చెబుతా" అన్నాడు డాక్టరు. ఆ "లేదో" అన్న మాట దారి పొడుగునా బస్సులో నా పక్కనే కూర్చుని వచ్చింది.

నేను పనిచేసేది పలకల యూనిట్లో. అంచు విరిగిన పలక ఒకటి, బలపం ముక్క ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. పెద్దయ్యాక నేర్చుకున్న రాత కాబట్టి ఆమె అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటాయి. ఆ సాయంత్రం పలక నా ముందు పెట్టింది.

"ప్రార్థన నువ్వు చెయ్యి."

"నేను చేస్తాలే అత్తా" అంది నా భార్య. అమ్మ తల అడ్డంగా ఊపి, బలపంతో "నువ్వు" అన్నదాని కింద గీత గీసింది. మా ఇంట్లో ఆ ప్రార్థన ఏ రోజూ ఆగలేదు. నాయన పోయిన రోజు కూడా ఆగలేదు. అది నా వల్ల ఆగిపోతుందేమోనని నాకు నిజంగానే భయం వేసింది. ఒక్క రోజు గడువు అడిగాను. ఆ పూటకు నా భార్య చేసింది.

మర్నాటికి తయారై వచ్చాను. పాస్టరుగారి ప్రార్థన ఒకటి నా ఫోనులో ఉంటే, దాన్ని పొద్దుటి నుంచి విని విని బట్టీ పట్టాను. సాయంత్రం కళ్లు మూసుకుని గడగడా అందుకున్నాను. "ప్రభువా, ఈ నూతన గృహమును, దీని పునాదులను, ద్వారబంధములను ఆశీర్వదించుము" అన్నాక కానీ అది ఎవరిదో గృహప్రవేశంలో రికార్డు చేసిందని గుర్తు రాలేదు. మాది ఇరవై ఏళ్లనాటి ఇల్లు. వానొస్తే వంటింట్లో రెండు చోట్ల గిన్నెలు పెట్టాలి. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నవ్వండి! ఆ గొంతు కాస్తా పోయినాక తెలుస్తది!" అని అరిచి బయటికి వెళ్లి, శుభ్రంగా ఉన్న బండిని మళ్లీ తుడిచాను. లోపలికి వచ్చేసరికి పలక మీద రాసి ఉంది: "పాస్టరు మాటలొద్దు. నీ మాటలు చెప్పు."

నా మాటలంటే ఏం మాటలు? యూనిట్లో రాయి కోసే మిషన్ దగ్గర ఆలోచన తట్టింది. అది తిరుగుతుంటే పక్కనున్నవాడి కేక కూడా వినిపించదు. అక్కడ గొంతెత్తి సాధన మొదలుపెట్టాను. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు కరెంటు పోయింది. మిషన్ ఆగింది, నేను ఆగలేదు. "మా గేదె పాలు పెరిగేటట్టు చూడు తండ్రీ!" అన్నది షెడ్డంతా మోగింది.

పలకలకు చట్రాలు బిగించే ముస్లిం పెద్దాయన చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. "ఏంది తమ్ముడూ, గేదెకు ఏమైంది?"

సిగ్గుతో చచ్చిపోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన నవ్వుతాడేమో, నవ్వితే తిట్టేద్దామని కాచుకుని ఉన్నాను. ఆయన నవ్వలేదు. "మా ఇంట్లో నీళ్ల మోటరు కాలిపోయింది. వారమయ్యింది, మిస్త్రీ రేపు మాపు అంటున్నాడు. నేనూ దువా చేస్తున్నా. నువ్వు కూడా ఒక మాట వెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం వేశాను. కళ్లు తెరిచేసరికి పలక సిద్ధంగా ఉంది. "మోటరు ఎవరిది?" చెప్పాక తుడిచి మళ్లీ రాసింది. "బాగుంది. పాస్టరు మోకాలు మర్చినావు."

అప్పటి నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. టీ దుకాణంలో, ఆటోలో ఎవరు కష్టం చెప్పుకున్నా శ్రద్ధగా వినేవాణ్ణి, సాయంత్రానికి పనికొస్తుందని. ఇంతకు ముందు నేను ఎవరి మాటా పూర్తిగా వినేవాణ్ణి కాదు. పొద్దున తిట్టినవాడి పేరు సాయంత్రం దేవుడి ముందు చెప్పాలంటే ఇబ్బందిగా ఉండి, తిట్లు కూడా కొంచెం తగ్గించాను. పూర్తిగా కాదు. మోటరు బాగైంది. ప్రార్థన సాగి సాగి అన్నం చల్లారడం మొదలైంది. "అత్తే నయం" అంది నా భార్య.

రోజూ ప్రార్థన అయ్యాక అమ్మ నేను మర్చిపోయినవాళ్లను పలక మీద రాసేది. ఎవరెవరి పేర్లో రాసింది కానీ తన పేరు ఒక్కరోజూ రాయలేదు. నేనూ చెప్పలేదు. మర్చిపోయి కాదు. ప్రార్థనలో ఆమె దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తానేమోనని గబగబా గేదె దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి.

మూడు వారాలు నిండాయి. ఒంగోలులో డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. వరండా నిండా జనం. ఇంకో ఇద్దరి తర్వాత మా వంతు. అమ్మ పలక సంచిలోనే ఉంది, తీయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంగు అంచును మెలిపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మెలిపెడుతోంది. మా అమ్మ భయపడటం నేను ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లూ ఊరందరి కోసం అడిగిన మనిషి కోసం అడిగేవాళ్లెవరూ లేరని అప్పుడు తెలిసింది. ఇంటి మగపిల్లాణ్ణి, రోజూ పక్కనే కూర్చుని గేదె కోసం అడిగాను.

ఆమె చేతులు పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఇది మా అమ్మ. నీకు బాగా తెలిసిన గొంతే. రోజూ నీతో మాట్లాడుతుంటది. దానికి ఆ గొంతు తిరిగి ఇయ్యి. అది లేకుంటే మా ఇల్లు బాగలేదు. నాకు బాగలేదు." ఇంకేం చెప్పాలో తెలియలేదు. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. వరండాలో ఎవరు చూస్తున్నారో నేను చూడలేదు.

"ఆమేన్" అన్నది పక్కన ఎవరో.

గొంతు సన్నగా, కొంచెం గరగరలాడుతూ ఉంది. కానీ అది మా అమ్మదే.

"డాక్టరు చెప్పకముందే ఎందుకు మాట్లాడినావే!" అని కసిరాను, బెంచీ మీద వాళ్లంతా తిరిగి చూసేటట్టు.

"మాట్లాడకుండా ఎట్ల ఉంటా నాయనా" అంది అమ్మ. "నా కోసం ఎవురన్నా అడిగితే ఎట్లుంటదో ఇప్పుడే విన్నా."

లోపలి నుంచి నర్సు మా పేరు పిలిచింది.