ఆమోసుగారి కళ్ళు కుట్టిన వైనం

భవానీపురంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు. ఒకరికి చక్కెర, ఒకరికి రక్తపోటు, ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఆమోసుగారికి ఉన్నది ఒక్కటే, ఓర్వలేనితనం. అదైనా అలాంటిలాంటిది కాదు. మామూలు మనుషులు పక్కవాడి మేడ చూసి కుళ్ళుకుంటారు. ఆమోసుగారు పక్కవాడి జ్వరం చూసి కూడా కుళ్ళుకుంటారు.

ఒకసారి ఆయనకూ, ఎదురింటి తిరుపతిరావుగారికీ ఒకే వారంలో జ్వరం తగిలింది. భార్య సంపూర్ణమ్మ థర్మామీటరు వెలుతురుకేసి పట్టి చూసి, "నూట ఒకటండీ" అంది.

"తిరుపతిరావుకెంత?"

"నూట మూడంట."

ఆమోసుగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. "జ్వరం దగ్గర కూడా వాడిదే పైచెయ్యి."

"ముందు లేచి కషాయం తాగండి."

"డాక్టరు వాళ్ళింటికి రెండుసార్లెళ్ళాడు. మనింటికి ఒక్కసారే వచ్చాడు. నేను కళ్ళారా చూశాను."

"ఒళ్ళు కాలిపోతుంటే కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టారా?" అని సంపూర్ణమ్మ నెత్తి కొట్టుకుంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ అలా కొట్టుకోని రోజు లేదు.

దీనికి తోడు ఆయన చేసిన ఉద్యోగం ఒకటి. రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. ఓర్వలేనివాణ్ణి తీసుకెళ్ళి పార్సిలు ఆఫీసులో కూర్చోబెట్టడమంటే పిల్లిని చేపల బజార్లో కట్టెయ్యడమే. ఎవరికి నూజివీడు రసాలు ఎన్ని బుట్టలొచ్చాయో, ఎవరి వియ్యంకుడు నెయ్యి డబ్బా పంపించాడో, ఎవరి అల్లుడు పంపించలేదో, అన్నీ ఆయన కళ్ళ ముందు నుంచే వెళ్ళాయి. ఒక్కటీ మరిచిపోలేదు. "అరవై రెండులో వెంకటకృష్ణారావుకి మద్రాసు నుంచి కుట్టుమిషనొచ్చింది" అని అన్నం తింటూ తింటూ నిట్టూర్చేవారు. ఆ వెంకటకృష్ణారావు పోయి ఆరేళ్ళయింది. ఆమోసుగారి కుళ్ళు మాత్రం నిక్షేపంలా ఉంది.

చర్చిలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఒకటుంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఆమోసుగారు లేచారంటే దేవుడు ఇతరులకు చేసిన మేళ్ళు చెప్పేవారు.

"సంజీవరావుగారికి దేవుడు మేడ ఇచ్చాడు. మొన్న దాని మీద ఇంకో మేడ ఇచ్చాడు. మన సంఘంలో లేని సుబ్బరత్నంగారి గేదెకి కూడా ఈతకి ఈతా పెయ్యదూడనే ఇచ్చాడు. దేవుడు పక్షపాతి కాడని రాసుంది. నేను నమ్ముతున్నాను. ఇదే నా సాక్ష్యం."

ఆడవాళ్ళ వైపు కూర్చున్న సంపూర్ణమ్మకి తల కొట్టేసినట్టయ్యేది. పాస్టరుగారు గబగబా కీర్తన అందుకునేవారు.

ఆ పాస్టరుగారే ఒకసారి బైబిల్లో యోబు పడ్డ కష్టాల మీద గంటసేపు ప్రసంగం చేశారు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తుంటే ఈయన గుమ్మంలో అడ్డం నిలబడ్డారు. "యోబుకి కష్టమొస్తే ముగ్గురు స్నేహితులొచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చున్నారండీ. నాకు దవడ పన్ను పీకితే ఎవరొచ్చారు?"

"యోబుగారు పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్నారండీ."

"కాదన్నానా? ముగ్గురొచ్చారంటున్నాను."

అలాంటి ఆమోసుగారు బతుకుతుండగా డెబ్బై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సంఘస్థులు ఆటోనగర్‌లో ఒక లారీ అడిగి తీసుకుని, బియ్యం, దుప్పట్లు వేసుకుని వెళ్ళారు. తిరుపతిరావుగారు ఒక దుప్పటి ఇచ్చారని తెలిసి ఆమోసుగారు తమ ఇంట్లో ఉన్న రెండూ ఇచ్చేసి, ఆ చలికాలమంతా పాత పంచె కప్పుకుని వణికారు. తిరుగు లారీలో నిలువ నీడ లేని నలభై మంది వచ్చారు. చర్చి ఆవరణలో దింపి, ఎవరింట్లో ఎంత చోటుంటే అంతమందిని పంచారు.

ఆమోసుగారిది ఒకటిన్నర గది. ఎవరినీ ఇవ్వలేదు.

"సంజీవరావుకి నలుగుర్నిచ్చారు! మేడా వాడికే, మనుషులూ వాడికే! నాకొక్కర్ని ఇవ్వడానికి చేతులు రాలేదా?" అని పాస్టరుగారి మీదికి వెళ్ళారు.

"మీకు చోటెక్కడుందండీ?"

"ఆ అరగదిలో నేను పడుకుంటాను. మొత్తం గది వాళ్ళకిస్తాను."

"మరి సంపూర్ణమ్మగారు?"

ఆమోసుగారు ఆ సంగతి ఆలోచించలేదు. సంపూర్ణమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

ఫిబ్రవరి వచ్చేసరికి వచ్చినవాళ్ళు చాలామంది పల్లెకి వెళ్ళిపోయారు. అక్కడ సంఘం వాళ్ళకి ఇళ్ళు కట్టిస్తోంది. మిగిలింది ఒక్కడు, ఏసుపాదం. నలభై ఏళ్ళ మనిషి, కూలికీ చేపల వేటకీ వెళ్ళేవాడు. భార్య మార్త, ముగ్గురు పిల్లలు, తాటాకిల్లు, అన్నీ ఒక్కపూటలో పోయాయి. వచ్చిన దగ్గర్నుంచి సంజీవరావుగారి వరండాలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. గ్లాసు చేతికిస్తే గంజి తాగుతాడు, ఇవ్వకపోతే అడగడు. సంఘం అతన్ని వదల్లేదు. వంతులు వేసుకుని ప్రతిరోజూ ఎవరో ఒకరు క్యారియరు తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, ఒక పాట పాడి, ప్రార్థన చేసి వచ్చేవాళ్ళు. సంజీవరావుగారైతే ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా అతని పక్కన చాప మీద కూలబడేవారు.

ఇప్పుడు ఒక చిక్కొచ్చింది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో వాళ్ళే వచ్చి చూపిస్తే అక్కడే పునాది తీస్తున్నారు. ఉప్పెన తరవాత ఆ పల్లెలో గట్టు లేదు, కంచె లేదు, హద్దురాయి లేదు. ఏసుపాదం చోటు ఏసుపాదానికే తెలుసు. ఆదివారం లారీ వెళుతోంది. అదే ఆఖరుది. దాంట్లో అతను ఎక్కకపోతే అతనికి ఇల్లు లేనట్టే. పాస్టరుగారు మూడుసార్లు వచ్చి బతిమాలారు. ఏసుపాదం గోడ మీదినుంచి చూపు తిప్పలేదు.

గురువారం వంతు ఆమోసుగారింటిది. బుధవారం మధ్యాహ్నం ఆయన అన్నం కెలుకుతూ, "రెండున్నర నెలలుగా సంఘం మొత్తం ఆ ఏసుపాదం చుట్టూనే తిరుగుతోంది" అన్నారు.

సంపూర్ణమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏమన్నారూ?"

"పాస్టరుగారు మూడుసార్లెళ్ళారు. మనింటికి కిరస్మసుకి ఒక్కసారి..."

"ఇల్లు పోయి, పెళ్ళాంబిడ్డలు పోయి, కట్టుబట్టలతో మిగిలినవాణ్ణి చూసి కుళ్ళుకుంటున్నారా? అసలు మీరు మనిషేనా? రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు గడప దాటారంటే చూడండి!"

మర్నాడు ఆవిడ చేపల పులుసు క్యారియరుతో సంజీవరావుగారి గేటు తీసేసరికి, వెనకాల కిర్రు చెప్పుల చప్పుడైంది. తిరిగి చూడనక్కర్లేదు.

వరండాలో సంజీవరావుగారు, పాస్టరుగారు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ చావింట్లో మాట్లాడినట్టు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆమోసుగారు తిన్నగా వెళ్ళి ఏసుపాదం ఎదురుగా, గోడకీ అతనికీ మధ్యన కూర్చున్నారు.

"ఏమయ్యా, మీది సముద్రం పక్కనేనంటగా?"

ఏసుపాదం ఆయన భుజం మీదుగా గోడనే చూస్తున్నాడు.

"గాలికేం లోటు లేదన్నమాట. మాకు చూడు, పొద్దస్తమానం లారీల దుమ్ము."

"ఆమోసుగారూ!" అన్నారు పాస్టరుగారు.

"ఉండండి. ఏమయ్యా, నీకు పెద్దవాడు మగపిల్లాడంటగా. ఎన్నేళ్ళు?"

ఆ పిల్లల ఊసు అతని ముందు ఎవరూ ఎత్తకూడదని సంఘమంతా ఒట్టు పెట్టుకున్నంత పనిచేసింది. భూమి చీలితే బాగుండుననుకుంది సంపూర్ణమ్మ.

ఏసుపాదం చూపు తిప్పకుండానే, "పన్నెండు" అన్నాడు.

"పన్నెండే!" ఆమోసుగారు తొడ చరిచారు. "విన్నావా సంపూర్ణం? పన్నెండేళ్ళంట! మాకు ఎస్తేరు నాలుగేళ్ళే ఉందయ్యా. ఒక్కతే కూతురు. జ్వరమొచ్చి పోయింది. నీకు పన్నెండేళ్ళూ, పైగా ఇంకో ఇద్దరూనా?"

సంపూర్ణమ్మ స్తంభం పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరు వాళ్ళిద్దరి మధ్యా రాలేదు. పిల్ల పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ "దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు" అని చెప్పి వెళ్ళారు. పిల్ల ఎలా ఉండేదని ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టి వీళ్ళూ చెప్పుకోలేదు. ఆవిడ మొగుడి మొహం చూసింది. అది నటన కాదు. కుట్టుమిషను గురించి చెప్పేటప్పుడు ఉండే మొహమే అది. కాకపోతే వెయ్యి రెట్లు.

ఏసుపాదం మొదటిసారి తలెత్తి ఎదుటి మనిషిని చూశాడు. "పన్నెండు నిండాయండి. పదమూడో ఏడు నడస్తంది."

"పదమూడా! ఏం చేసేవాడు?"

"నాతోపాటు వలేసేవాడండి."

"అప్పుడే వలా? మా ఎస్తేరుకి జడ వేసుకోవడమన్నా రాలేదు. చేపలు పడేయా?"

"నాకన్నా వాడికే ఎక్కువ పడేయి" అన్నాడు ఏసుపాదం. ఆ మాటలో రవ్వంత గర్వం తొణికింది.

ఆమోసుగారి కళ్ళు కుట్టేశాయి. "ఆ వల ఎక్కడ ఆరేసేవాళ్ళు?"

"ఇంటి ముందరండి. తూరుపు పక్క."

"ముందు ఖాళీ చోటు కూడానా! మాకు పంచె ఆరేసుకోడానికి దిక్కులేదు. ఇదుగో పాస్టరుగారూ, ఇతనెలాగూ రాడు. ఆదివారం లారీలో నేనెక్కుతాను. చోటు చూపించి ఆ ఇల్లు నేనే తీసుకుంటాను."

"మీకెట్టా తెలుస్తదండి?" అన్నాడు ఏసుపాదం.

"వీళ్ళకి మాత్రం తెలుసా? నేను వేలు పెట్టిందే చోటు."

"అది మా మార్త చోటండి!" ఏసుపాదం గొంతు పెరిగింది. చాప మీద నిటారుగా కూర్చున్నాడు. "దాని పొయ్యేడుందో, పిల్లలు పడుకునేదేడో, మీరేం చూపిత్తారండి? నేనే చూపిత్తా. మీరు రావద్దు!"

సంజీవరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. సంపూర్ణమ్మకి ఏం చెయ్యాలో తోచక కంచం పెట్టి పులుసు వడ్డించింది. ఏసుపాదం కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు.

"మా మార్త ఇంకా బాగా చేసేదండి. దీంట్లో పులుపెక్కువైంది."

"స్తోత్రం!" అన్నారు పాస్టరుగారు. ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అని ఏడుస్తూ నవ్వారు. సంజీవరావుగారు సంపూర్ణమ్మకి రెండు చేతులూ జోడించి, "మీ పులుసు బాగుండకపోవడం దేవుడి దయమ్మా" అన్నారు.

సంపూర్ణమ్మకి ఒళ్ళు మండింది. కంకిపాడు నుంచి బందరు దాకా ఆవిడ పులుసుకి వంకపెట్టినవాడు పుట్టలేదు. చచ్చిపోయిన మనిషి మీద ఉడుకుమోత్తనమేమిటని తనకు తానే చెప్పుకుంది. అయినా ఉండబట్టలేక, "ఇంతకీ మీ ఆవిడ ఏం వేసేదేమిటి?" అని అడిగింది. మామిడికాయ దగ్గర మొదలుపెట్టి ఏసుపాదం రెండు గంటలు మాట్లాడాడు. మధ్యమధ్యలో ఏడ్చాడు. మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. "అబ్బో!" అనీ, "అదృష్టవంతుడివయ్యా!" అనీ ఆమోసుగారు లొట్టలేస్తూ విన్నారు.

ఆదివారం ఆరాధన కాగానే ఏసుపాదం లారీ ఎక్కాడు. సంఘమంతా చేతులూపింది. డ్రైవరు పక్క సీటు అతనికిచ్చారని ఆమోసుగారు మొహం ముడుచుకున్నారు. లారీ మలుపు తిరిగాక మొగుడూపెళ్ళాలు ఇంటిదారి పట్టారు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి" అంది సంపూర్ణమ్మ. "వాడి చేత మాట్లాడించడానికే కదూ, మొన్న కావాలని అలా అన్నారు?"

"కావాలనా?" ఆమోసుగారు విస్తుపోయారు. "పదమూడేళ్ళు దక్కాయి సంపూర్ణం వాడికి. నా కడుపు మండదూ?"

ఆవిడకి కోపం రాలేదు. రాకపోవడం చూసి ఆవిడకే ఆశ్చర్యమేసింది. కాసేపు నడిచాక అంది, "నాలుగేళ్ళన్నారేం? నాలుగేళ్ళా మూడు నెలలు కదా ఎస్తేరు?"

"నీకు" అన్నారు ఆమోసుగారు.

"అంటే?"

"పురుటికి కంకిపాడు వెళ్ళి, పిల్ల పుట్టాక మూడు నెలలు మీ పుట్టింట్లోనే ఉన్నావు. నేనక్కడ వాల్తేరులో సెలవు దొరక్క చచ్చాను. ఆ మూడు నెలలూ నువ్వొక్కదానివే చూశావు."

సంపూర్ణమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "అంటే ఇన్నేళ్ళూ నా మీద కూడానా?"

"నీ మీదే ఎక్కువ."

నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో తెలియక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నోరు విడిచి అడగొచ్చు కదండీ?"

"అడిగితే ఏడుస్తావని."

"ఏడిస్తే ఏడుస్తాను. అడగండి."

ఆమోసుగారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు. "పుట్టగానే జుట్టుందా?"

"ఒత్తుగా. చెవుల మీదికి పడేది."

"నవ్విందెప్పుడు?"

"నెలకే. నిద్దట్లో."

"నెలకే నవ్విందా!" ఆయన మొహం కందగడ్డ అయింది. "నాకొక్క ఉత్తరం ముక్కన్నా రాయలేదేం?"

"రాస్తే ఏం చేసేవారు? కుళ్ళుకునేవారు" అంది సంపూర్ణమ్మ. అని ఆగలేదు, కాస్త గొప్పగా, "ఎవరెత్తుకున్నా గుక్కపట్టి ఏడ్చేది. నా చేతుల్లోకొస్తే టక్కున ఊరుకునేది" అని కూడా కలిపింది.

"ఇంకా?"

"ఇంటికి పదండి, చెబుతాను."

"ఇక్కడే చెప్పు" అని ఆమోసుగారు పక్కనున్న అరుగు మీద చతికిలబడి, ఆవిడకి కూడా చోటిచ్చారు.